వైసులో ఇరుక్కున్న రాజు

మధ్యాహ్నం రెండూ ముప్పై ఐదుకి మా మామగారు షిఫ్టు బస్సు దిగి, చంకలో ఒక అట్టపెట్టెతో ఇంటికి వచ్చారు. టైము ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం మా అత్తగారు. పొద్దుటి షిఫ్టు రోజుల్లో సరిగ్గా రెండున్నరకి మా క్వార్టరు గేటు చప్పుడయ్యేది. ఆ చప్పుడుకి ఆవిడ అన్నం గిన్నె మూత తీసేవారు. ఆ రోజు రెండున్నరకే మూత తీసేశారు గానీ గేటు చప్పుడు కాలేదు.

"అన్నం సల్లారిపోయింది," అన్నారు ఆయన గుమ్మం ఎక్కగానే. "ఏటండీ అది?"

"బొమ్మ."

"ఏం బొమ్మ?"

"గుర్రం మీద మనిషి."

అత్తగారు అన్నం వడ్డించారు. ఆయన తింటున్నంతసేపూ ఆవిడ ఆ పెట్టె వైపు చూడలేదు. చూడకపోవడం ఆవిడకి బాగా వచ్చిన విద్య. రెండేళ్లుగా ఆవిడ అలా చూడకుండా ఉన్న వస్తువు ఇంట్లో ఇంకొకటి ఉంది. అది వెనక వరండాలో బల్లకి బిగించి ఉండే వైసు.

వైసంటే పనిముక్క కదలకుండా రెండు ఇనుప దవడల మధ్య బిగించి పట్టుకునేది. ఆకుపచ్చ రంగుది, చిన్న మేకపిల్లంత బరువు. మామగారు టూల్ రూములో ఫిట్టరు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన తన కోసం కొనుక్కున్నది అదొక్కటే. నేను కోడలిగా రాజమండ్రి నుంచి ఈ ఉత్తరాది ఫ్యాక్టరీ ఊరికి వచ్చేటప్పటికే అత్తగారికీ ఆ వైసుకీ మాటల్లేవు.

జరిగింది ఇది. అత్తగారి పుట్టిల్లు విజయనగరం. ఆవిడకి వాళ్లమ్మ ఇచ్చిన కొలువు బొమ్మల్లో గుర్రం మీద కూర్చున్న మట్టి రాజు ఒకడు ఉండేవాడు. ప్రతి దసరాకీ మూడో మెట్టు మధ్యన అతని జాగా. బిర్సానగర్ వైపు ఉన్న అద్దె ఇంటి నుంచి ఫ్యాక్టరీ వాళ్ల టెల్కో కాలనీ క్వార్టరులోకి మారిన రోజున, మామగారు బొమ్మల్ని ఒక్కొక్కటిగా నూలు పీచులో చుట్టి చెక్కపెట్టెలో సర్దారు. గీత పడకుండా సర్దడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. తరవాత టెంపోలో ఆ పెట్టె అటూ ఇటూ జరగకుండా ఉండాలని దాని మీద వైసు పెట్టారు.

పెట్టె జరగలేదు. రాజు మాత్రం పిండయ్యాడు.

అత్తగారు ఏడవలేదు, తిట్టలేదు. ఆ ఏడు కొలువు పెట్టినప్పుడు మూడో మెట్టు మధ్యన జానెడు జాగా ఖాళీగా వదిలి, అందులో చిన్న ముగ్గు వేశారు. పేరంటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ ముగ్గేమిటని అడిగేవారు.

"అక్కడ రాజు ఉండీవోడండి," అనేవారు అత్తగారు. "ఎలాగ పోయాడో ఆయన్నే అడగండి."

ముందు గదిలో మామగారి చేతిలోని పేపరు అంగుళం పైకి లేచేది. తొమ్మిది రోజులూ ఇదే వరస. మరుసటి ఏడు కూడా ముగ్గు వేశారు. ఆ ఏడు నేను చూశాను. ఆయన మార్కెట్టులో దొరికిన బొమ్మలు రెండు తెచ్చి చూపించారు. ఒకటి గుర్రం లేని రాజు, రెండోది రాజు లేని గుర్రం. ఆవిడ రెండింటినీ కింది మెట్టు మీద పెట్టారు. ముగ్గు అలాగే ఉంది.

ఇప్పుడు మూడో ఏడు. ఈ దసరాకైనా ఆ జాగా నిండాలి. పెట్టె బల్ల మీద పెట్టి మామగారు తాడు విప్పుతున్నప్పుడు ఆయన ముఖంలో ఇంకే ఆలోచనా లేదు.

వాళ్ల షాపులో కొత్త మిషను బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడట. సాయంత్రాలు కాలక్షేపానికి తెచ్చుకున్న, ముక్కలు అతికించి చేసే బొమ్మ పెట్టెను, సగం అతికించి విసుగెత్తి, వెళ్లిపోతూ మామగారికి ఇచ్చాడట. తెరిచి చూస్తే బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు. మొండెం, చేతులు, డాలు, పొడవాటి బల్లెం, గుర్రం రెండు సగాలు. తల నుంచి మడమ దాకా ఇనుప కవచం తొడుక్కున్న యూరపు వీరుడు. జానెడు ఎత్తు. సరిగ్గా జానెడు. అందుకే ఆయన పుచ్చుకున్నారు.

"అమ్మా, నువ్వు ఎమ్మే సదివినావు గదా," అంటూ నాకు ఒక కాగితం ఇచ్చారు. "ఇందల ఏటి రాసుందో సెప్పు."

"ఇది జర్మన్ అండీ, మావయ్యగారూ. నేను చదివింది తెలుగు ఎమ్మే."

ఆయన నా వైపు కొంచెం జాలిగా చూశారు. "పోనీలే. అంకెలు తెలుగులోనైనా జర్మనులోనైనా ఒకటే," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పక్క క్వార్టరాయన వచ్చింది అప్పుడే. ఆయన వెల్డరు, పలాస దగ్గరి మనిషి. మామగారిని బావా అనీ, అత్తగారిని అప్పా అనీ పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు. బుర్రమీసాలు, ఉబ్బిన బుగ్గలు, ఎప్పుడూ ఏదో ఒక నవ్వు.

"ఏటి బావా, ఈడెవుడు? నెత్తి మీద కుంపటి బోర్లించుకున్నాడు?"

"అది శిరస్త్రాణమండీ," అన్నాను. "పూర్వం యూరపులో వీళ్లు ఇలా ఒళ్లంతా ఇనుము తొడుక్కుని గుర్రమెక్కి యుద్ధం చేసేవాళ్లు."

"ఎంత మందం రేకమ్మా?" అని అడిగారు మామగారు.

నాకు తెలియదన్నాను. చదువుకున్న మనిషికి తెలియవలసింది కూడా తెలియలేదన్నట్టు ఆయన మళ్లీ జాలిగా చూశారు.

"మందం సంగతి వొగ్గీ బావా," అన్నాడు వెల్డరు. "ఈడు మే నెల్లో మన ఊరొత్తే ఏగిపోతాడు."

మర్నాటి నుంచి వెనక వరండాలో పని మొదలైంది. వీరుణ్ణి రాజుగా మార్చాలి. మామగారు ముందుగా ప్రతి ముక్కనీ వెంట్రుకమందం తేడా కూడా చూపించే వెర్నియరుతో కొలిచి, ఒక నోటు పుస్తకంలో బొమ్మ గీసి, పక్కన కొలతలు రాశారు. గుర్రానికి వెనక కుడికాలు లేదని కొలతలన్నీ పూర్తయ్యాక తేలింది. అందరికీ కంటితో కనిపించిన విషయమే గానీ, కొలిచాకే ఆయన ఒప్పుకున్నారు.

తరవాత శిరస్త్రాణం ముందు మూత ఎత్తారు. లోపల ముఖం లేదు. బోలుగా ఉంది.

"మనిషే లేడు," అన్నారు మామగారు. చాలాసేపు లోపలికి చూశారు. "మనిషి లేకుండా అంత కవసం ఎందుకో."

కాబట్టి ముఖం చెయ్యాలి. కారే పైపులకి పూసే ముద్ద ఒకటి దొరుకుతుంది. రెండు రంగుల ముద్దలు కలిపి పిసికితే గంటలో రాయవుతుంది. దానితో తల చేసి, పంటి పుల్లతో కళ్లూ ముక్కూ తీర్చారు. పని చేస్తున్నంతసేపూ ఎదురుగా స్టూలు మీద వెల్డరు కూర్చుని కబుర్లు చెప్పేవాడు. మామగారు తలెత్తినప్పుడల్లా కనిపించే ముఖం అదే. మూడో రోజుకి రాజుకి బుర్రమీసాలు వచ్చాయి. నాలుగో రోజుకి బుగ్గలు ఉబ్బాయి. అయిదో రోజున నేను టీ తెచ్చి, రాజునీ స్టూలు మీది మనిషినీ చూసి, కప్పు బల్ల మీద పెట్టాను. మామగారు నా వైపు ఒకసారి చూసి టీ అందుకున్నారు. ఆయనకీ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

"మంచి కళగున్నాడు బావా, మీ రాజు," అన్నాడు వెల్డరు.

ఇత్తడి రేకు కత్తిరించి కిరీటం చేశారు. బల్లెం సగానికి కోసి, చదును చేసి, కత్తి చేశారు. ఛాతీ కవచం మీద ఉన్న శిలువ గుర్తును ఆకురాయితో అరగదీసి, పాత జరీ అంచు ముక్క అతికించారు. ఆ ముక్క అత్తగారి పెట్టెలోంచి వచ్చింది. ఎవరూ అడగలేదు. ఒక పొద్దున్న బల్ల మీద ఉంది, అంతే.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఒకసారి తొంగి చూశాడు. తండ్రి తెలుగులో ఏం మాట్లాడినా ఆయన హిందీలోనే జవాబిచ్చేవాడు. "పాపా, ఛోడ్ దీజియే న. కోల్‌కతా సే అచ్ఛా వాలా మంగవా దూంగా." కోల్‌కతా నుంచి మంచిది తెప్పిస్తానన్నాడు.

"దానికి కాళ్లుంటాయేట్రా?"

"చారోఁ." నాలుగూ ఉంటాయట.

"అయితే అందల పనేటుంది?" అని మామగారు మళ్లీ ఆకురాయి తీసుకున్నారు.

కాలు చివరికి మిగిలింది. ఆ ఏడు దసరా ముందుగా వచ్చింది. విశ్వకర్మ పూజకీ కొలువు పెట్టే రోజుకీ మధ్య నాలుగు రోజులే. మామగారు హాక్సా బ్లేడు ముక్కని ఎముకగా గుర్రం తుంటిలోకి దిగేసి, చుట్టూ ముద్ద పెట్టి కాలు తీర్చారు. రాజు కూర్చుంటే బరువు ఎటు పడుతుందో చూడాలని రాజుని ఎక్కించారు. ముద్ద గట్టిపడేదాకా కాలు వంగకుండా వైసులో బిగించారు. అప్పుడు సాయంత్రం నాలుగయింది. అయిదింటికి విప్పాలి. ఈలోగా వాళ్ల సెక్షనులో మర్నాటి పూజకి కాగితం తోరణాలు కట్టే పని ఆయనదని గుర్తొచ్చి, సైకిలెక్కి వెళ్లిపోయారు.

తిరిగి వచ్చేసరికి ఏడు దాటింది.

విశ్వకర్మ పూజ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పనిముట్లకి ఆ రోజు సెలవు. అయితే మా ఇంట్లో నియమం ఇంకొంచెం గట్టిది. అది మామగారు పెట్టిందే. ముందు రోజు దీపాలవేళకి పనిముట్లన్నీ తుడిచి పీట మీద పెట్టేయాలి. పెట్టాక పూజ రోజు గడిచేదాకా స్క్రూడ్రైవరు కూడా తిప్పడానికి వీల్లేదు. వైసు బల్లకి బిగించి ఉంటుంది కాబట్టి ఉన్నచోటే పూజకి కూర్చున్నట్టు లెక్క. ఒక ఏడు పూజ రోజున వెల్డరు వాళ్ల కుళాయి కారిపోతుంటే, పానా ముట్టనని చెప్పి మామగారు రోజంతా గంటకోసారి వెళ్లి బకెట్లు మార్చి వచ్చారట.

అత్తగారు ఆ సాయంత్రం ఆరున్నరకి పనిముట్లన్నీ తుడిచి పీట మీద పెట్టేశారు.

మామగారు వరండాలో నిలబడిపోయారు. రాజు వైసులో ఉన్నాడు. గుర్రం కొంచెం పక్కకి ఒరిగి ఉంది. కిరీటం మాత్రం నిటారుగా ఉంది.

గోడ మీంచి వెల్డరు తల కనిపించింది. "ఏటి బావా, అలాగ నిలబడిపోనావు?"

"ఏట్నేదు."

"రాజు ఇరుక్కుపోనాడా?"

"ఇప్పడానికి అరసుట్టు తిప్పితే సాలు."

"తిప్పు. నాను సూత్తాను. ఆ యేడు మా కుళాయి కారి కారి నడవంతా సెరువయిపోతే పానా ముట్టనన్నావు. నీదైతే దేవుడు కళ్లు మూసుకుంటాడేటి?"

మామగారు ముట్టుకోలేదు. ఆ మాటకి భయపడి కాదు. ఎవరూ చూడకపోయినా ముట్టుకునేవారు కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి, ముద్ద గట్టిపడిన తీరు చూశారు. అప్పుడు అసలు సంగతి కనిపించింది. వైసు దవడలకి నూనె రాయడం మరిచిపోయారు. కొత్తగా చేరిన అప్రెంటిసు కూడా మరిచిపోని పని. కాలు వైసుకి అతుక్కుపోయింది.

"రేపంతా ఉంటే ఇంక రాదమ్మా," అన్నారు నాతో మెల్లగా. "ఇరిసి తియ్యాలి. ఇరిత్తే ఈ యేడు కూడా ముగ్గే."

అత్తగారు వంటింట్లో ఉన్నారు. పోపు చప్పుడు ఒక క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

మర్నాడు పొద్దున్నే మామగారు షాపు పూజకి వెళ్లిపోయారు. ఇంటి దగ్గర పూజ ఎప్పుడూ అత్తగారే చేసేవారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్లు. సుత్తికి బొట్టు, ఆకురాళ్లకి బొట్టు, డ్రిల్లుకి, పానాలకి, మా ఆయన స్కూటరుకి. నేను హారతి పట్టుకుని వెనకే నడిచాను. కిందటేడు కూడా నడిచాను కాబట్టి ఆవిడ ఎక్కడ ఆగరో నాకు తెలుసు. బల్ల దగ్గర వైసుని దాటేసి పక్కనున్న నూనె డబ్బాకి బొట్టు పెట్టేవారు.

ఆ రోజు బల్ల దగ్గర ఆగారు. వంగి రాజు ముఖం చూశారు.

"ఎవుడో ఎరిగున్న మనిషిలాగున్నాడు," అన్నారు.

నేను హారతి పళ్లెం వైపు చూశాను.

గుర్రం నుదుట బొట్టు పెట్టారు. రాజుకి పెట్టారు. వేలికి ఇంకా కుంకుమ ఉంది. ఆవిడ కాసేపు ఆ వేలిని అలాగే పట్టుకున్నారు. తరవాత వైసు ముందు దవడ మీద, ఆకుపచ్చ రంగు పోయి ఇనుము కనిపిస్తున్నచోట, పెద్ద బొట్టు పెట్టారు.

"గుర్రానికెట్టి దీనికి మానేత్తే బాగోదు గదమ్మా," అన్నారు నా వైపు తిరక్కుండా. "పాపం, రాత్రంతా అదే పట్టుకునుంది."

ఒక అరటిపండు వైసు ముందు పెట్టారు.

మధ్యాహ్నం మామగారు ప్రసాదం పొట్లాలతో వచ్చి, కాళ్లు కడుక్కుని నేరుగా వెనక వరండాలోకి వెళ్లారు. వెళ్లినంత వేగంగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆగి, "అరటిపండు సీమలు పట్టేత్తాది," అన్నారు.

"పట్టనీండి," అన్నారు అత్తగారు.

పూజ మర్నాడు పొద్దున్నే కిరసనాయిలు, వేడినీళ్లు, సన్నటి బ్లేడు పట్టుకుని మామగారు వైసు మీదికి వంగారు. వెల్డరు స్టూలు మీద. సలహాలు ఆయనవి, పని మామగారిది. గంటంబావు పట్టింది. కాలు విరగలేదు. కానీ వైసు దవడల గరుకు గళ్లు కాలి పొడుగునా అచ్చు పడ్డాయి, ఆకుపచ్చ రంగు పెచ్చు ఒకటి ఊడి దాంతోపాటు వచ్చేసింది. ముద్ద పెంకు ఒకటి వైసు దవడకే ఉండిపోయింది. నాలుగు కాళ్ల మీద నిలబెడితే గుర్రం కుంటింది. మామగారు వెర్నియరు పెట్టి చూసి, కుడికాలు వెంట్రుకమందం పొట్టి అన్నారు. అరగదీసి మిగతా మూడూ సరిచేస్తానన్నారు.

"ఒద్దు," అన్నారు అత్తగారు. "మూడూ అరగదీత్తే నాలుగోది పొడుగైపోతాది. మీ సంగతి నాకు తెల్దా? అలాగే ఇటిచ్చీండి."

ఆవిడే రాజుని తీసుకెళ్లి మూడో మెట్టు మధ్యన నిలబెట్టారు. అక్కడ ముగ్గు వెయ్యలేదు. పొట్టికాలి కింద ఒక బస్సు టికెట్టు నాలుగు మడతలు పెట్టి దోపారు. ముప్పై ఏళ్లు వెంట్రుకలో పదో వంతు తేడా కూడా ఒప్పుకోని ఫిట్టరు ఆ టికెట్టుని తొమ్మిది రోజులూ చూస్తూ కూర్చున్నారు.

మొదటి సాయంత్రం పేరంటానికి ఎదురింటి బిహారీ ఆవిడ వచ్చి, మూడో మెట్టుకి దణ్ణం పెట్టి, "యే కౌన్ సే భగవాన్ హైఁ?" అని, ఆయన ఏ దేవుడో అడిగింది.

"భగవాన్ నహీఁ. రాజా హై," అన్నారు అత్తగారు తన హిందీలో. "జర్మనీ సే ఆయా. ఇధర్ డ్యూటీ కర్తా."

ఆ వెనకే వెల్డరు భార్య వచ్చింది. బొట్టు పెట్టించుకుని, శనగలు కొంగులో పోయించుకుని, కొలువు వైపు తిరిగి, మూడో మెట్టుకి వేలు చూపించింది.

"ఓలప్పా! ఈడు మా ఆయనే!"

"ఎవులు?" అన్నారు అత్తగారు.

"ఈ రాజుగోరే! ఆ బుగ్గలు సూడు, ఆ మీసం సూడు! ఓలమ్మో, ఇంటికాడ ఒకడు సాలడంటే ఇక్కడ కిరీటం ఎట్టుకుని ఇంకోడు!"

అత్తగారు వంగి చూశారు. తరవాత ముందు గది వైపు చూశారు. అక్కడ పేపరు పూర్తిగా పైకి లేచి ఉంది. దాని వెనక ఏదో కదులుతోంది. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఆవిడ పైకి నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"పోనీలేవే. ఎవుడైతే ఏటి?" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "జాగా నిండింది."

కబురు విని వెల్డరు పరిగెత్తుకొచ్చాడు. కొలువు ముందు గొంతుక్కూర్చుని అటు నుంచీ ఇటు నుంచీ చూసుకున్నాడు. మిగతా ఎనిమిది రోజులూ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తలదువ్వుకుని, ఒకసారి చూసుకుని వెళ్లేవాడు. ఆయన ఫిర్యాదు ఒక్కటే. మీసం కొంచెం కురచైందట.

ఆ తరవాత ప్రతి ఏడూ రాజు మూడో మెట్టు మీదే ఉన్నాడు. బస్సు టికెట్టు మాత్రం ఏటేటా కొత్తది. ప్రతి విశ్వకర్మ పూజకీ అత్తగారు అన్నిటికంటే ముందు వైసుకి బొట్టు పెట్టేవారు, పెంకు అంటుకున్న దవడ మీద. మామగారు ఆ పెంకుని గీకెయ్యలేదు. ఆయన పోయిన ఏడు కూడా ఆవిడ బొట్టు పెట్టారు. అరటిపండు కూడా పెట్టారు.

కిందటేడు ఆవిడా పోయారు. క్వార్టరు ఎప్పుడో వదిలేశాం. రాజు పెట్టెలో ఉన్నాడు, చుట్టూ నూలు పీచు, పైన ఏ బరువూ లేదు. వైసు బాల్కనీలో ఉంది. దానికి ఇప్పుడెవరూ బొట్టు పెట్టడం లేదు.